ఆఫ్‌షోర్ బ్యాంకులో పదవి, రష్యన్ల డబ్బు: ఇవి రెండూ ఉంటే నాయకుడు మనీలాండరింగ్ చేసినట్టేనా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ట్రంప్ తొలి ప్రభుత్వంలో వాణిజ్య మంత్రిగా పనిచేసిన విల్బర్ రాస్ అంతకుముందు సైప్రస్‌లోని ఒక పెద్ద బ్యాంకుకు వైస్ చైర్మన్‌గా ఉండేవారని, ఆ బ్యాంకులో రష్యన్లకు పెద్ద వాటాలు ఉండేవని చదివారు. ఆయన రష్యా నల్లధనాన్ని తెల్లగా మార్చడంలో పాలుపంచుకున్నట్టేనా, మన దేశంలో నాయకుల ఖాతాలను బ్యాంకులు ఎలా చూస్తాయి అన్నవి మీ సందేహాలు.

మొదటిదానికి సూటి సమాధానం: కాదు. ఆఫ్‌షోర్ బ్యాంకులో, అంటే పన్ను తక్కువ, గోప్యత ఎక్కువ ఉండే పరాయి దేశపు బ్యాంకులో, పదవి ఉండడం నేరం కాదు, అందులో రష్యన్లు వాటాదారులు కావడం కూడా నేరం కాదు. అయితే ఆ రెండూ ఒకేచోట కనిపించినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి కాగితాలతో జవాబు వచ్చిందా లేదా అన్నదే మా వృత్తిలో అసలు విషయం. రెండో ప్రశ్నకు జవాబు మీకు అంతగా రుచించకపోవచ్చు, దానికి చివర్లో వస్తాను.

నేను పదకొండేళ్లు ఒక బ్యాంకు శాఖల్లో, అందులో నాలుగేళ్లు విశాఖపట్నంలో పనిచేసి, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఒక విదేశీ బ్యాంకు కార్యాలయంలో అనుమానాస్పద లావాదేవీలను పరిశీలించే విభాగంలోకి మారాను. కింద రాసేది ఆ అనుభవంతోను, బహిరంగంగా ఉన్న కోర్టు పత్రాలు, దర్యాప్తు నివేదికల ఆధారంగాను రాస్తున్నది.

ముందుగా రాస్ సంగతి. ఇందులో చాలామంది వదిలేసే భాగం 2013 నాటి సైప్రస్ సంక్షోభం. ఆ దేశం 1,000 కోట్ల యూరోల సహాయ ప్యాకేజీ తీసుకున్నప్పుడు, దానికి బదులుగా బ్యాంకు ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలకు మించి ఉన్న బీమా లేని డిపాజిట్లలో 47.5 శాతాన్ని బలవంతంగా వాటాలుగా మార్చారు. డబ్బు దాచుకున్నవాడు పొద్దున లేచేసరికి ఇష్టం లేకుండానే బ్యాంకుకు భాగస్వామి అయ్యాడు. అంత పెద్ద డిపాజిట్లు ఉన్నవారిలో రష్యన్లు చాలామంది కాబట్టి, ఆ ఏడాది కొత్తగా ఏర్పడిన బోర్డులోకి కూడా రష్యన్లు వచ్చారు. వారిలో ఒకరైన వ్లదీమిర్ స్త్ర్జల్కోవ్‌స్కీ ఒకప్పటి సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ మనిషి, పుతిన్‌కు తెలిసినవాడు, బ్యాంకుకు వైస్ చైర్మన్ అయ్యాడు.

2014లో బ్యాంకు 100 కోట్ల యూరోల కొత్త మూలధనం సేకరించినప్పుడు దానికి ముందు నిలబడినది రాస్ బృందం. ఆయన కూడా వైస్ చైర్మన్ అయ్యారు. అదే సమయంలో రష్యా కోటీశ్వరుడు విక్టర్ వెక్సెల్‌బెర్గ్ సంస్థ కూడా పెద్ద వాటాదారుగా చేరింది. ఇతనిపై అమెరికా ఆంక్షలు విధించినది 2018 ఏప్రిల్‌లో, అంటే రాస్ మంత్రి అయిన తర్వాత. నియామకానికి ముందే కొందరు డెమొక్రాటిక్ సెనేటర్లు ఈ బ్యాంకు గురించి లేఖ రాసి వివరాలు అడిగారు. 2017 ఫిబ్రవరిలో 72-27 ఓట్లతో సెనేట్ ఆయన నియామకాన్ని ఆమోదించింది. బ్యాంకు వ్యవహారంలో ఆయనపై క్రిమినల్ కేసు ఏదీ నమోదు కాలేదు.

అదే ఏడాది నవంబరులో ప్యారడైజ్ పేపర్స్ అనే, ఆఫ్‌షోర్ సంస్థల రహస్య పత్రాలు వెలుగులోకి వచ్చినప్పుడు బయటపడిన ఇంకో విషయం నా దృష్టిలో బ్యాంకు పదవి కంటే బరువైనది. నావిగేటర్ హోల్డింగ్స్ అనే నౌకా సంస్థలో రాస్‌కు ఆఫ్‌షోర్ సంస్థల మీదుగా వాటా ఉండేది. ఆ సంస్థకు పెద్ద ఖాతాదారుల్లో ఒకటి రష్యా పెట్రోకెమికల్ కంపెనీ సిబూర్. సిబూర్ యజమానుల్లో గెన్నాదీ తిమ్‌చెంకో అనే పుతిన్ సన్నిహితుడు ఉన్నాడు, అతనిపై 2014 నుంచే అమెరికా ఆంక్షలు ఉన్నాయి. 2014 తర్వాత సిబూర్ నుంచి నావిగేటర్‌కు వచ్చిన ఆదాయం 6.8 కోట్ల డాలర్లకు పైనే. సిబూర్ మీద స్వయంగా అప్పట్లో ఆంక్షలు లేవు కాబట్టి చట్టం అతిక్రమించినట్టు కాదు. అయినా దేశ వాణిజ్య విధానాన్ని నడిపే వ్యక్తి జేబులోకి, ఎంత చుట్టు తిరిగి అయినా సరే, ఆ దారిన డబ్బు వస్తున్నదంటే అది ప్రయోజనాల వైరుధ్యం. దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. మనీలాండరింగ్ అని పిలిస్తే కోర్టులో ఒక్క రోజు కూడా నిలబడదు, పైగా నిజమైన ఫిర్యాదు పలచబడిపోతుంది.

మనీలాండరింగ్ అంటే దాని వెనుక మరో నేరం ఉండాలి. లంచమో, మోసమో, మాదకద్రవ్యాల అమ్మకమో, ఏదో ఒక మూల నేరం నుంచి పుట్టిన సొమ్మును దాని పుట్టుక తెలియకుండా మార్చడమే లాండరింగ్. మన చట్టంలో దీన్ని షెడ్యూల్డ్ నేరం అంటారు. ఆ నేరం నుంచే నిందితుడు విముక్తుడైతే లాండరింగ్ కేసు కూడా నిలవదని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. రష్యా నుంచి సైప్రస్ వెళ్లిన డబ్బంతా నేరపు డబ్బు కాదు. 1998లో కుదిరిన రెండు దేశాల పన్ను ఒప్పందం, సైప్రస్‌లో 2013 దాకా ఉన్న 10 శాతం కంపెనీ పన్ను, ఆంగ్లేయుల పద్ధతిలో నడిచే అక్కడి కోర్టులు, ఇవన్నీ రష్యా వ్యాపారులను ఆకర్షించాయి. తమ దేశంలో ప్రభుత్వం ఎప్పుడు ఏ ఆస్తి లాక్కుంటుందో అన్న భయం కూడా చాలామందికి ఉండేది. వెళ్లిన డబ్బే తిరిగి విదేశీ పెట్టుబడి వేషంలో రష్యాకు వచ్చేది. మారిషస్ మీదుగా మన దేశానికి వచ్చిన పెట్టుబడుల గురించి పత్రికల్లో చదివినవారికి ఈ దారి కొత్తగా అనిపించదు.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. విశాఖలో ఉన్నప్పుడు ఒక ఖాతాలోకి నెలనెలా సైప్రస్‌లోని లిమసోల్ నుంచి డాలర్లు జమ అవుతుండేవి. అప్పుడే ఒక శిక్షణకు వెళ్లివచ్చిన ఉత్సాహంలో ఆ ఖాతాను ప్రశ్నార్థకంగా గుర్తించి, చెల్లింపులు ఆపి, వివరణ కోరాను. ఖాతాదారుడు ఓడలో సెకండ్ ఇంజనీరు, ఆ సమయంలో నడిసముద్రంలో ఉన్నాడు. అయిదు రోజుల తర్వాత ఆయన భార్య చంటిబిడ్డను చంకనేసుకుని, ప్లాస్టిక్ కవరులో సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం) నకళ్లు, నియామక ఒప్పందం, మూడేళ్ల జీతం చీటీలు పట్టుకుని వచ్చింది. లిమసోల్ ప్రపంచంలోని పెద్ద నౌకా నిర్వహణ కేంద్రాల్లో ఒకటి అని, మన తీరప్రాంతపు కుర్రాళ్లకు జీతాలు అక్కడి నుంచి రావడం మామూలేనని నాకు ఆరోజు తెలిసింది. "సార్, పిల్లవాడి ఫీజు కట్టడానికి నిన్నే ఆఖరి రోజు" అని మాత్రం అంది. దేశం పేరు చూసి అనుమానించడం పరిశీలన కాదని ఆ తర్వాత నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మరి నిజమైన లాండరింగ్ ఎలా కనిపిస్తుంది? డాన్స్‌కే బ్యాంకు ఎస్టోనియా శాఖ వ్యవహారం చూడండి. డెన్మార్క్‌కు చెందిన ఈ బ్యాంకు ఫిన్లాండ్‌కు చెందిన సాంపో బ్యాంకును కొన్నప్పుడు దానితోపాటు ఎస్టోనియా రాజధాని తాలిన్‌లోని చిన్న శాఖ కూడా దాని చేతికి వచ్చింది. 2007 నుంచి 2015 వరకు ఆ శాఖలో ఎస్టోనియాలో నివసించనివారి ఖాతాల గుండా సుమారు 20,000 కోట్ల యూరోలు ప్రవహించాయి. ఎస్టోనియా జనాభా 13 లక్షలు, అంటే మన పెద్ద జిల్లా ఒకదాని జనాభా కన్నా తక్కువ. 2015లో ఆ దేశపు ఏడాది ఉత్పత్తి విలువ దాదాపు 2,000 కోట్ల యూరోలు. రష్యా కేంద్రబ్యాంకే 2007లో ఈ శాఖ ఖాతాదారుల లావాదేవీలు అనుమానాస్పదంగా ఉన్నాయని హెచ్చరించినా డాన్స్‌కే ప్రధాన కార్యాలయం కదలలేదు.

కదిలించినది హోవర్డ్ విల్కిన్సన్ అనే బ్రిటిష్ ఉద్యోగి. ఆయన కనిపెట్టిన పద్ధతి మా వృత్తిలో ఉన్నవారు గుర్తుంచుకోదగినది. లంటానా ట్రేడ్ అనే బ్రిటిష్ భాగస్వామ్య సంస్థకు ఆ శాఖలో ఖాతా ఉంది, అందులో పెద్ద మొత్తాలు తిరుగుతున్నాయి. విల్కిన్సన్ బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీలో ఆ సంస్థ దాఖలు చేసిన లెక్కలు తెప్పించి చూశారు. ఆ ఏడాది ఎలాంటి వ్యాపారమూ చేయలేదని, సంస్థ నిద్రాణంగా ఉందని అందులో రాసి ఉంది. ఒకవైపు బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంకోవైపు ప్రభుత్వానికి ఇచ్చిన కాగితం, రెండూ పక్కపక్కన పెడితే సరిపోయింది. ఆ సంస్థ వెనుక పుతిన్ కుటుంబంతోను, రష్యా గూఢచార సంస్థతోను సంబంధాలున్న వ్యక్తులు ఉన్నట్టు ఆయనకు తెలియవచ్చింది. 2013 డిసెంబరులో ఆయన కోపెన్‌హాగెన్‌లోని ప్రధాన కార్యాలయానికి పంపిన ఫిర్యాదు బయటి ప్రపంచానికి తెలియడానికి నాలుగేళ్లకు పైనే పట్టింది. 2018లో ముఖ్య కార్యనిర్వహణాధికారి థామస్ బోర్గెన్ రాజీనామా చేశారు, 2022 డిసెంబరులో బ్యాంకు అమెరికాలో నేరం అంగీకరించి 200 కోట్ల డాలర్లు వదులుకుంది. బోర్గెన్‌పై పెట్టిన ప్రాథమిక అభియోగాలను డెన్మార్క్ ప్రాసిక్యూటర్లు 2021లో ఉపసంహరించుకున్నారు. సంస్థ నేరం ఒప్పుకున్నంత మాత్రాన పైనున్న ప్రతి వ్యక్తి నేరస్థుడు కాడు అనడానికి ఇది ఉదాహరణ. పైనున్నవారు తప్పించుకుంటారు అనడానికి కూడా ఇదే ఉదాహరణ అని మా సహోద్యోగి ఒకరు అంటుంటారు, ఆయనతో నేను వాదించను.

ఇలాంటి ఫైలు ఒకటి నా బల్ల మీదకి కూడా వచ్చింది. రాత్రి షిఫ్టులో వచ్చిన అలర్టు అది. బ్రిటన్‌లో నమోదైన భాగస్వామ్య సంస్థ, ఖాతా బాల్టిక్ దేశంలో, శానిటరీ సామాను కొన్నందుకు చెల్లింపులు. భాగస్వాములు మనుషులు కారు, రెండు ద్వీపదేశాల్లో నమోదైన రెండు డొల్ల కంపెనీలు. ఇన్‌వాయిస్‌లు అడిగితే వెంటనే వచ్చాయి, అచ్చు కూడా చక్కగా ఉంది. నన్ను ఆపినది వాటి నంబర్లు. నాలుగు నెలల వ్యవధిలో వచ్చిన ఆరు ఇన్‌వాయిస్‌ల మీద 14 నుంచి 19 దాకా వరుస సంఖ్యలు ఉన్నాయి. టోకు వ్యాపారి నాలుగు నెలలపాటు ప్రపంచంలో ఇంకెవ్వరికీ ఒక్క వాష్‌బేసిన్ కూడా అమ్మలేదా? ఆ ఒక్క వాక్యాన్ని మధ్యలో పెట్టుకునే నివేదిక రాశాను, అది పైకి వెళ్లింది. ఆ తర్వాత ఏమైందో మాకు ఎవరూ చెప్పరు. ఖాతాదారుడికి ఈ విషయం తెలియనివ్వకూడదు కాబట్టి మేమూ ఎవరికీ చెప్పకూడదు. ఈ ఉద్యోగంలో కథ ముగింపు తెలుసుకునే భాగ్యం చాలా అరుదు.

డాయిష్ బ్యాంకు మాస్కో శాఖలో 2011 నుంచి 2015 వరకు జరిగినది మరో పద్ధతి. మాస్కోలో రూబుళ్లతో షేర్లు కొనడం, అవే షేర్లను అదే మనుషులకు సంబంధించిన మరో సంస్థ లండన్‌లో డాలర్లకు అమ్మడం. లాభం నష్టం ఏమీ ఉండదు, రూబుళ్లు డాలర్లుగా మారి దేశం దాటతాయి. అలా 1,000 కోట్ల డాలర్లు బయటకు వెళ్లాయని తేలి, 2017 జనవరిలో న్యూయార్క్, లండన్ నియంత్రణ సంస్థలు కలిపి 60 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేశాయి. యాదృచ్ఛికంగా, రాస్ హయాంలో బ్యాంకు ఆఫ్ సైప్రస్ చైర్మన్‌గా వచ్చిన జోసెఫ్ ఆకర్‌మన్ 2012 దాకా డాయిష్ బ్యాంకు అధిపతి. ఇది చదవగానే అనుమానపు తీగ లాగాలని అనిపిస్తుంది, కానీ ఈ రెండింటినీ కలిపే కాగితం లేనంతవరకు అది యాదృచ్ఛికమే.

రాజకీయ సంబంధం చిన్న కాగితంలోనే దొరుకుతుంది. దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ సెర్గేయ్ రోల్దూగిన్. ఆయన చెల్లో వాద్యకారుడు, పుతిన్‌కు యౌవనం నుంచి మిత్రుడు, పుతిన్ పెద్దకూతురికి క్రైస్తవ సంప్రదాయం ప్రకారం జ్ఞానపిత. ఆయన పేరిట ఉన్న ఆఫ్‌షోర్ కంపెనీల వ్యవహారం 2016 ఏప్రిల్‌లో పనామా పేపర్స్ అనే, బయటికి పొక్కిన పత్రాల ద్వారా బయటపడింది. జ్యూరిక్‌లోని గాజ్‌ప్రోమ్‌బ్యాంకు అనే రష్యా బ్యాంకు శాఖలో 2014లో ఖాతా తెరిచేటప్పుడు పూరించిన పత్రంలో, రాజకీయ ప్రాముఖ్యం ఉన్న వ్యక్తులతో ఏదైనా సంబంధం ఉందా అన్న గడి ఉంది. దానికి ఎదురుగా రాసిన జవాబు "లేదు". ఒక సంగీతకారుడికి ఇన్ని కోట్లు ఎక్కడివి అని బ్యాంకువాళ్లు గట్టిగా అడగలేదు. 2023 మార్చిలో జ్యూరిక్ కోర్టు ఆ బ్యాంకుకు చెందిన నలుగురు అధికారులను తగిన శ్రద్ధ చూపనందుకు దోషులుగా తేల్చి, షరతులతో నిలిపివేసిన జరిమానాలు విధించింది. వారు నేరాన్ని నిరాకరించి అప్పీలుకు వెళ్లారు. శిక్ష పడినది డబ్బు ఎవరిదో తేల్చినందుకు కాదన్నది గమనించండి. డబ్బు ఎవరిదో అడగనందుకు పడింది.

సంబంధం నిజంగానే శిక్షగా మారిన కేసు పాల్ మనాఫోర్ట్‌ది. ట్రంప్ 2016 ఎన్నికల ప్రచారానికి కొంతకాలం సారథి అయిన ఈయన అంతకుముందు ఉక్రెయిన్‌లో రష్యా అనుకూల పార్టీకి సలహాదారు. ఆ పనికి వచ్చిన సొమ్ములో చాలా భాగం సైప్రస్ ఖాతాల గుండా తిరిగింది. ఆఫ్‌షోర్ ఖాతాల్లో మొత్తం 7.5 కోట్ల డాలర్లకు పైగా ప్రవహించిందని అభియోగపత్రం చెప్పింది. 2018 ఆగస్టులో జ్యూరీ ఆయనను 8 అభియోగాలపై దోషిగా తేల్చింది: 5 పన్ను మోసాలు, 2 బ్యాంకు మోసాలు, 1 విదేశీ ఖాతాను వెల్లడించకపోవడం. మరుసటి నెలలో ఇంకో కోర్టులో, మనీలాండరింగ్ కూడా ఇమిడి ఉన్న కుట్ర నేరాన్ని ఆయనే అంగీకరించారు. 2020 డిసెంబరులో ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చారు. మూటలు మూటలుగా వచ్చిన సైప్రస్ వార్తల కంటే, పన్ను రిటర్నులో విదేశీ ఖాతా ఉందా అన్న ప్రశ్నకు ఇచ్చిన అబద్ధపు జవాబే ఆయనను ముందుగా పట్టించింది.

ఈ కథలన్నీ మనకు దూరం అనుకోనక్కర్లేదు. 2014 ఏప్రిల్‌లో చికాగో ఫెడరల్ కోర్టులో బయటపెట్టిన అభియోగపత్రంలో ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. ప్రధాన నిందితుడు ద్మిత్రో ఫిర్తాష్, రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్‌తో కలిసి గ్యాస్ వ్యాపారం చేసిన ఉక్రెయిన్ ధనికుడు. మన తీరంలోని ఇసుకలో ఉన్న టైటానియం ఖనిజాల తవ్వకానికి అనుమతులు పొందేందుకు అధికారులకు కనీసం 1.85 కోట్ల డాలర్ల లంచం ఇవ్వడానికి కుట్ర పన్నారన్నది ఆరోపణ. 2006-2010 మధ్య 57 బదిలీల్లో 1.05 కోట్లకు పైగా డాలర్లు అమెరికా ఆర్థిక వ్యవస్థ గుండా తిరిగాయని, అందుకే అది అమెరికా కోర్టు పరిధిలోకి వచ్చిందని ప్రాసిక్యూటర్ల వాదన. నిందితుల్లో అప్పటి మన రాజ్యసభ సభ్యుడు ఒకరు ఉన్నారు, ఆయన ఆరోపణలను ఖండించారు. ఫిర్తాష్ కూడా ఖండించారు, వియన్నాలో 12.5 కోట్ల యూరోల పూచీపై విడుదలై ఏళ్లతరబడి అప్పగింతపై పోరాడారు. కేసు విచారణ దాకా రాలేదు కాబట్టి ఇవన్నీ ఆరోపణలుగానే చూడాలి. డాలరు ఎక్కడో ఒక న్యూయార్క్ బ్యాంకును తాకితే చాలు, తీరప్రాంతపు ఇసుక లైసెన్సు కూడా చికాగో ఫైలులోకి ఎక్కుతుంది అన్నంతవరకే దీన్ని ఇక్కడ చెబుతున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. రాజకీయ ప్రాముఖ్యం ఉన్న వ్యక్తిని మేము పీఈపీ అంటాము. ఆ ముద్ర నేరారోపణ కాదు. ఖాతా తెరవడానికి పై అధికారి అనుమతి కావాలి, సంపద ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి, లావాదేవీలను ఎక్కువ జాగ్రత్తగా గమనించాలి, అంతే. కుటుంబ సభ్యులకు, సన్నిహితులకు కూడా ఇదే వర్తిస్తుంది. అయితే 2023 మార్చిలో సవరించిన మన మనీలాండరింగ్ నిబంధనల్లో పీఈపీ అంటే విదేశం అప్పగించిన ఉన్నత పదవిలో ఉన్నవారు మాత్రమే. అంటే సైప్రస్ మంత్రి మన శాఖకు వస్తే ఆయన పీఈపీ, మన మంత్రి వస్తే ఆ నిర్వచనం ప్రకారం కాదు. అంతర్జాతీయ ప్రమాణాలను చూసే ఎఫ్ఏటీఎఫ్ 2024లో భారత్‌పై ఇచ్చిన మదింపులో ఈ లోపాన్ని ఎత్తిచూపింది. విదేశీ బ్యాంకుల్లో దేశీయ నాయకులను కూడా అంతర్గతంగా గుర్తు పెడతారు, నేనిప్పుడు ఆ పనే చేస్తున్నాను. శాఖల్లో సంగతి వేరు. ఖాతా దరఖాస్తులో పాన్ నంబరు, వృత్తి, వార్షికాదాయం దాటాక కింద చిన్న అక్షరాల్లో ఆ ప్రశ్న ఉంటుంది. కౌంటరు దగ్గర వరుసలో పదిమంది నిలబడి ఉన్నప్పుడు, ఎదుటివారిని అడగకుండానే "కాదు" అన్న గడిలో నేనే టిక్కు పెట్టిన దరఖాస్తులు ఎన్ని వందలో ఇప్పుడు లెక్క చెప్పలేను.